పచ్చబూజు

సంక్రాంతి పండుగ వెళ్లి మాఘమాసము ప్రవేశించుసరికి ఖమ్మము చుట్టుప్రక్కల నేల రంగు మారిపోవును. ఊరి వెలుపల ఎక్కడ చదునైన జాగా కనిపించిన అక్కడ మిరపకాయ పరచియుండును. ఖానాపురం హవేలి వంటి ఊళ్లు నేడు ఖమ్మము నగరములో కలిసిపోయి, చేలున్న చోట ఇండ్లు లేచినవి గాని, నగరము దాటి ఏ దిక్కునకు కొంతదూరము నడచినను కల్లములే. హవేలి యనగా నేటివారికి మేడ యను అర్థమే స్ఫురించును. పూర్వపు రెవెన్యూ పరిభాషలో మాత్రము, జమీందారులకుగాని జాగీర్దారులకుగాని ఈయక సర్కారు తన చేతిక్రిందనే ఉంచుకొన్న భూములను హవేలి భూములనెడివారు. సర్కారులు మారినవి, మాట మాత్రము ఊరి పేరును పట్టుకొని నిలిచినది. ఇచ్చటినుండి తూర్పుగా కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు దారిలో మిరప, ప్రత్తి, మొక్కజొన్న చేలు క్రమముగా పలుచబడి అడవి మొదలగును. అడవిలోని కోయగూడెములందును మొక్కజొన్న ఉన్నది, జొన్న ఉన్నది. అయితే అక్కడ పంట మొదట తినుటకు, మిగిలినచో అమ్ముటకు.

ఈ పంటలన్నిటియందును కాపురము చేయగల ఒక చిన్న ప్రాణిని గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిని. దాని సంగతి తెలియవలెనన్న ముందు కల్లములో ఏమి జరుగునో చూడవలెను.

కాయ ఎండినదో లేదో తెలిసికొనుటకు రైతు యంత్రమును వెదకడు. పిడికెడు కాయలు తీసి చెవియొద్ద ఆడించును. లోపల గింజ గలగలలాడినచో ఎండినట్లు. పది పదునైదు దినములు మంచి ఎండ కాసినచో చాలును. ఆ నడుమ మబ్బు పట్టినను, అకాలవర్షము కురిసినను, రాత్రి మంచు ఎక్కువైనను చిక్కే. తరువాత ఆడకూలీలు కల్లమున వరుసగా కూర్చుండి కాయను ఏరుదురు. ఎర్రగా నిగనిగలాడునది ఒక రాశి. తెల్లబారి, మచ్చలుపడి, తేలికయైనది వేరొక రాశి. ఈ రెండవదానికి తాలు అని పేరు. ఖమ్మము మార్కెట్టులో ఉదయమున జెండా పాట జరిగి ఆనాటి హెచ్చు ధర నిర్ణయమగును. ఆ ధర మేలిరకపు కాయకు. తాలునకు దొరకునది దానిలో కొంత భాగమే. అయినను తాలును పారవేయువారు లేరు. కొనువాడుండగా రైతు ఎందుకు పారవేయును?

తాలు అంతయు ఒక్క కారణముననే ఏర్పడదు. కొంత ఎండదెబ్బ, కొంత చేనిలోనే తగిలిన కాయకుళ్లు తెగులు. కాని కొన్నిటిని విరిచి చూచినచో లోపల గింజల నడుమ పచ్చని పొడి కనిపించును. వ్రేలితో తాకిన అంటుకొనును, ఊదిన లేచిపోవును. ఇదియే మన ప్రతినాయకుడు. శాస్త్రజ్ఞులు దీనిని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అందురు. 1729లో ఫ్లారెన్సు నగరపు వృక్షశాస్త్రవేత్త పియర్ ఆంటోనియో మికేలీ ఈ జాతి బూజులకు పేరు పెట్టెను. ఆయన క్రైస్తవ మతాచార్యుడు కూడ. సూక్ష్మదర్శినిలో సన్నని కాడ, దానిపై గుండ్రని తల, తలచుట్టును బీజరేణువుల గొలుసులు కనిపింపగా, చర్చిలో తీర్థజలము చల్లు సాధనము ఆయనకు తోచినది. దాని లాటిను పేరే బూజునకు వచ్చినది. ఫ్లేవస్ అనగా పసుపువన్నె. ఈ బూజు లేతదశలో పసుపుగా నుండి ముదిరినకొలది ఆకువన్నెకు తిరుగును. ఆ రెండు వన్నెలకును పచ్చ యను ఒక్క మాటనే వాడు మన భాష ఈ విషయములో లాటినుకంటె నిక్కమైనదని నా అభిప్రాయము.

ఈ బూజు స్వస్థానము నేల. రాలిన ఆకు, కుళ్లిన కంకి, చచ్చిన పురుగు దీని ఆహారము. బ్రతికియున్న మొక్కను పడగొట్టుట దీని ప్రధానవృత్తి కాదు. మొక్క బలహీనపడిన సమయము చూచి లోపల చేరును. పల్లిచేను కోతకు ముందు ముప్పది నలుబది దినములు వానలేక బెట్టకు గురియైనచో, నేల వేడెక్కి, కాయ పొట్టు బీటలిచ్చి, భూమిలో నుండగనే బూజునకు ద్వారము తెరచుకొనును. అనంతపురము వంటి మెట్టసీమలకు ఇదియే ముఖ్యమైన బాధ. మొక్కజొన్నలో పురుగు తొలిచిన రంధ్రము, మిరపలో ఎండని తేమ అదే పని చేయును. తరువాత గోనెసంచిలో, గాదెలో, గిడ్డంగిలో గాలి ఆడని చోట అది విజృంభించును. తేమ నూటికి తొమ్మిది పాళ్లకు దిగినచో పల్లిగింజపై ఇది పెరుగలేదు. మొక్కజొన్నకు పండ్రెండు పదుమూడు, మిరపకు ఇంచుమించు పది పాళ్లు హద్దులు. ఎండిన గింజకును కొంచెము తడి మిగిలిన గింజకును కంటికి తేడా తెలియదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

1960వ సంవత్సరము వరకు ఈ బూజును ఎవరును అంతగా పట్టించుకొనలేదు. ఆ ఏడు ఇంగ్లాండులో టర్కీ కోళ్లు కొలది నెలలలో లక్షకు మించి చచ్చినవి. అంటువ్యాధి సూక్ష్మజీవి ఏదియు దొరకకపోవుటచే ఆ రోగమునకు టర్కీ ఎక్స్ వ్యాధి యని, అనగా అజ్ఞాతవ్యాధి యని, పేరు పెట్టిరి. వైద్యులు కోళ్లనుండి కోళ్లమేతకును, మేతనుండి దానిలో కలిపిన పల్లిచెక్కకును వెనుకకు నడచిరి. ఆ చెక్క బ్రెజిల్ దేశమునుండి వచ్చినది. దానిలో ఈ పచ్చబూజు పెరిగియుండెను. బూజును తీసివేసినను చెక్కలో విషము నిలిచియే ఉండెను. బూజు పేరులోని అక్షరములతోనే ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని నామకరణము చేసిరి. అతినీలలోహిత కాంతిక్రింద నీలముగా మెరయునది బి, ఆకుపచ్చగా మెరయునది జి. అన్నిటిలోను క్రూరమైనది బి-1. పశువు దానిని మేతలో తిన్నచో కొంచెము మార్పుచెంది పాలలోనికి దిగును. ఆ రూపమునకు ఎం-1 అని పేరు. ప్రత్తిగింజల చెక్క, పల్లిచెక్క తిను గేదెల పాలు పిల్లలకు పట్టు దేశములో ఈ చివరి సంగతి గుర్తుంచుకొనదగినది.

ఈ విషమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నోటిలో వేసికొన్న పల్లి చేదుగా తగిలి మనము ఉమ్మివేయునప్పుడు, ఆ చేదు బూజు చెడగొట్టిన నూనెది, విషముది కాదు. వంటపొయ్యిమీది వేడికి ఇది నశింపదు. ఉడికించిన అన్నములో, కాల్చిన రొట్టెలో, కాచిన పాలలో నిలిచియుండును. వేపుడువలన కొంత తగ్గునేగాని పోదు. ఎక్కువ మోతాదు ఒక్కసారిగా తిన్నవారికి కాలేయము చెడి కామెర్లు, పొట్టలో నీరు, కొందరికి మరణము సంభవించును. కొంచెము కొంచెముగా ఏండ్ల తరబడి తిన్నవారికి కాలేయపు క్యాన్సరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని మనుష్యులకు క్యాన్సరు కలిగించునని నిస్సందేహముగా తేలిన వస్తువుల మొదటి తరగతిలో చేర్చినది.

ఒక్కసారిగా తిన్నప్పుడు ఏమి జరుగునో మన దేశము 1974లో చూచినది. ఆ శరత్కాలమున గుజరాత్‌లోని పంచమహల్, దాని సరిహద్దుననున్న రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాలలో, నూటయేబదికి మించిన గ్రామములలో, జనులకు కామెర్లు వచ్చి పొట్టలు ఉబ్బసాగినవి. ఆ గ్రామములలో నివసించువారు ఎక్కువగా భీలులు. మన కోయలవలెనే అడవి అంచున మొక్కజొన్న పండించుకొని దానినే ప్రధానాహారముగా తినువారు. ఇంటి కుక్కలును అదే విధముగా చచ్చినవి. అంటువ్యాధియైనచో గ్రామములో అందరికి సోకవలెను. ఇది మాత్రము మొక్కజొన్న తిను ఇండ్లకే పరిమితమైయుండెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థనుండి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ వి. భట్, వి. నాగరాజన్, టి.బి.జి. తిలక్ అను శాస్త్రజ్ఞులు పరిశోధన సాగించిరి. కోతల సమయమున అకాలవర్షములు కురిసి కంకులు తడిసినవనియు, తడిసిన గింజను ఆరబెట్టు వసతిలేక అట్లే నిలువచేసిరనియు తేలినది. గింజలను పరీక్షింపగా కిలోకు 6.25 మొదలు 15.6 మిల్లీగ్రాముల వరకు అఫ్లటాక్సిన్ ఉండెను. మన దేశమున ఆ తరువాత చాలకాలము అనుమతించిన హద్దు కిలోకు 30 మైక్రోగ్రాములు. అనగా ఆ గింజలో హద్దుకు రెండువందలు మొదలు ఐదువందల రెట్లు విషమున్నదన్నమాట. రోగము తగిలిన 397 మందిలో 106 మంది మరణించిరి. 1975లో ఈ పరిశోధన లాన్సెట్ పత్రికలో వెలువడినది. ఆహారములోని అఫ్లటాక్సిన్ మనుష్యులను నేరుగా చంపగలదని లోకమునకు తెలిపిన మొదటి నివేదికలలో ఇది ముఖ్యమైనది.

బూజు పట్టిన గింజను ఆ ప్రజలు ఎరుగక తినిరా? కంటికి కనిపించు బూజును గిరిజనులు గుర్తింపలేరనుట అన్యాయము. ఇంటిలో వేరొక గింజ లేదు. ముక్కిన గింజయైనను పిల్లలకు పెట్టక తప్పనివాని ముందు విషశాస్త్రము చెప్పి లాభము లేదు.

తెలుగుసీమకు ఇంకను దగ్గరి సంఘటన 1995లో జరిగినది. దక్కను పీఠభూమిలో, నాటి ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములకు చెందిన కొన్ని గ్రామములలో, వానకు తడిసిన జొన్నయు మొక్కజొన్నయు తిన్నవారికి కడుపునొప్పి, కడుపులో గుడగుడ, విరేచనములు పట్టుకొన్నవి. పరిశీలించిన ఏబది గ్రామములలో ఇరువదియేడింట ఈ బాధ కనిపించినది. అక్కడి దోషి మన పచ్చబూజు గాదు. దానికి దూరపు బంధువైన ఫ్యుజేరియము. దాని విషము ఫ్యుమోనిసిన్. ఆ గింజ తినుట మానగనే బాధ తగ్గిపోయినది. ఈ సంగతిని విచారించినవారును జాతీయ పోషకాహార సంస్థవారే. ఈ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకై రాబర్ట్ మెక్కారిసన్ ఆరంభించిన చిన్న ప్రయోగశాలనుండి పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. తెలుగు విద్యార్థులలో ఎందరికి దీని పేరు తెలియునో ఉపాధ్యాయులు తరగతిలో ఒకసారి అడిగి చూడవచ్చును.

ఇక మిరపకాయ. 1998, 1999 సంవత్సరములలో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు ఎస్.వి. రెడ్డి, డి.వి.ఆర్. రెడ్డి మొదలగువారు ఆంధ్రప్రదేశ్‌లోని ప్రధానమైన మిరప మార్కెట్లనుండియు శీతల గిడ్డంగులనుండియు నమూనాలు సేకరించి పరీక్షించిరి. మొత్తము 182 నమూనాలలో నూటికి 59 పాళ్లలో బి-1 విషము కనిపించినది. నూటికి 18 పాళ్లలో అది అనుమతించిన హద్దును దాటియున్నది. అన్నిటికంటె హెచ్చు మోతాదు కిలోకు 969 మైక్రోగ్రాములు. అది మూడవ తరగతి కాయలో. హద్దుదాటిన నమూనాల పాలు ఎక్కువగా నున్నదియు ఆ మూడవ తరగతిలోనే. శీతల గిడ్డంగిలోని కాయలో అన్నిటికంటె తక్కువ. పెద్ద దుకాణములలో అమ్ము కారపుపొడులలో ఇంచుమించు నూటికి తొమ్మిది పాళ్లు హద్దు దాటినవి. ఇవి పాతికేండ్ల నాటి లెక్కలు. టార్పాలిను పట్టాలు, గిడ్డంగులు అప్పటికంటె నేడు హెచ్చు. అయినను కల్లములో కూలీల చేతులు కాయను రెండు రాశులుగా వేరుచేయు పని ఎంత విలువైనదో ఆ లెక్కలు చెప్పినంత స్పష్టముగా మరియేదియు చెప్పలేదు. దినకూలికి కాయ ఏరు స్త్రీ కేవలము రంగును ఏరుచున్నాననుకొనును. తనకు తెలియకయే విషమును ఏరుచున్నది.

బూజు ఈ విషమును ఎట్లు తయారుచేయును? ఈ ప్రశ్నకు సమాధానము దాని జన్యురాశిలో, శాస్త్రజ్ఞులు జీనోము అని పిలుచుదానిలో, ఉన్నది. ప్రతి జీవకణములోను ఆ జీవి నిర్మాణమునకు వలయు సూచనలన్నియు డి.ఎన్.ఏ. అను పొడవైన పోగుపై వ్రాయబడియున్నవని విద్యార్థులెరుగుదురు. ఆ లిపికి నాలుగే అక్షరములు: అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. పచ్చబూజు గ్రంథమున సుమారు మూడుకోట్ల డెబ్బదిలక్షల అక్షరములున్నవి. మన పుస్తకములవలె పుటకు రెండువేల అక్షరముల చొప్పున అచ్చువేసి, ఐదువందల పుటలకొక సంపుటముగా కట్టినచో ముప్పదియేడు సంపుటములగును. వీనిని బూజు ఎనిమిది క్రోమోజోములుగా విభజించి దాచుకొన్నది. జన్యువులు పండ్రెండువేలకు మించియున్నవి. అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన గ్యారీ పెయిన్ మొదలగువారి కృషివలన ఈ శతాబ్దపు మొదటి దశాబ్దములో ఈ గ్రంథము పూర్తిగా చదువబడినది.

ఆశ్చర్యమేమనగా, అఫ్లటాక్సిన్ తయారీకి వలయు ఆదేశములు ఆ ముప్పదియేడు సంపుటములలో చెల్లాచెదరుగా లేవు. మూడవ క్రోమోజోము చివరిభాగమున, డెబ్బదియైదువేల అక్షరముల మేర, సుమారు ముప్పది జన్యువులు ఒకదాని ప్రక్క ఒకటి కూర్చుండియున్నవి. మన లెక్కలో ముప్పదియెనిమిది పుటలకు మించదు. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క కార్మికుని వంటిది. మొదటివాడు ఎసిటిక్ ఆమ్లపు శకలములను గొలుసుగా కూర్చును. తరువాతివాడు ఆ గొలుసును వలయములుగా మడచును. ఆపైవారు ఒకచోట ఆక్సిజను తగిలించి, మరియొకచోట తెంచి, ఇరువది మెట్లు దాటిన పిదప విషమును పూర్తిచేయుదురు. వీరందరిపై ఒక మేస్త్రి ఉన్నాడు. ఆ జన్యువు పేరు అఫ్ల్-ఆర్. అతడు పిలిచిననే పని సాగును. వేడి, తేమ, కాంతి, దొరకిన ఆహారము మొదలగువానిని బట్టి ఆ మేస్త్రికి పైనుండి ఆజ్ఞలు వచ్చును. ఇరువదియెనిమిది ముప్పది డిగ్రీల వేడిలో పని ముమ్మరము. బూజు శరీరము పెరుగుటకు అనుకూలమైన ముప్పదియైదు డిగ్రీల దరిదాపులలో విషపు పని సన్నగిల్లును. కనుక బూజు ఎక్కువగా కనిపించినచోట విషమెక్కువయనియు, కనిపింపనిచోట లేదనియు తలచుట పొరపాటు.

ఈ మెట్లు తెలిసికొనుటలో జీనోమునకంటె చాల ముందుగనే ఒక రంగు తోడ్పడినది. దీని సోదరజాతియైన ఆస్పర్జిల్లస్ పారసైటికస్‌లో ఒక జన్యువు చెడిన బూజు ప్రయోగశాలలో ఇటుకవన్నెకు తిరిగినది. విషపు దారిలో మొదటి మెట్టువద్ద పుట్టు ఎర్రని పదార్థము ముందునకు కదలలేక అక్కడనే పేరుకొనిపోవుటయే దానికి కారణము. ఎక్కడ దారి మూసికొన్నదో రంగే చెప్పినది. జోన్ బెన్నెట్ అను శాస్త్రవేత్త ఇట్టి బూజులను పట్టుకొని విషపు మెట్లను లెక్కించు పనికి పూనుకొనెను.

ఇంత శ్రమపడి ఇట్టి విషమును తయారుచేసికొనుట బూజునకు ఎందులకు? ఇందులో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము లేదు. తన ఆహారమును తిన వచ్చు పురుగులను తరుముటకని కొందరు, ఎండవేడిమివలన కలుగు ఒత్తిడిని తట్టుకొనుటకని కొందరు అందురు. విషము చేయలేని పచ్చబూజులు నేలలో సుఖముగా బ్రతుకుచుండుట ఈ వాదములన్నిటికిని చిక్కు ప్రశ్నయే.

జపానువారు వేయియేండ్లుగా బియ్యముపైనను సోయాపైనను పెంచి సాకే యను మద్యమును, సోయాసారమును తయారుచేయు కోజి యను బూజు పచ్చబూజునకు కన్నబిడ్డ వంటిది. దాని శాస్త్రీయనామము ఆస్పర్జిల్లస్ ఒరైజే. 2005లో జపాను శాస్త్రజ్ఞులు దాని జన్యురాశిని ప్రకటించిరి. రెంటి జన్యువులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు మించి ఒక్కటే. విషపు జన్యువుల గుంపు కోజిలోను ఉన్నది. కాని పలుచోట్ల చెడి మూగపోయినది. తరతరముల జపానీయులు మంచి బూజును ఎన్నుకొని పెంచుచు వచ్చుటచే ఇట్లయినది. 2006లో అక్కడి మద్యనిర్మాణ శాస్త్రసంఘము కోజిని జాతీయ బూజుగా ప్రకటించినది! ఒకే వంశమున ఒక బిడ్డకు జాతీయ గౌరవము, వేరొక బిడ్డకు కల్లములో శాపనార్థములు. తేడా ముప్పదియెనిమిది పుటలలో ఉన్నది.

బూజు గ్రంథములోని ఆ కొద్ది పుటలు మన గ్రంథమును ఎట్లు తిరుగవ్రాయునో అదియును చెప్పవలెను. బి-1 విషము తాను తయారైన రూపమున అంత ప్రమాదకరము గాదు. కడుపులోనికి పోయిన పిదప కాలేయము, తన అలవాటు చొప్పున, ఆ పరాయి వస్తువును బయటికి పంపుటకై మార్చబోవును. ఆ మార్పులో పుట్టిన రూపమే మహోగ్రమైనది. అది పోయి డి.ఎన్.ఏ.లోని గ్వానిన్ అక్షరమును పట్టుకొనును. ఇంటిని శుభ్రముచేయ పూనిన పనివాడే నిప్పు రాజవేసినట్లు. మన కణములలో పి-53 అను జన్యువు ఒకటి ఉన్నది. కణము అదుపుతప్పి పెరుగకుండ కాపలాకాయుట దాని పని. 1991లో రెండు పరిశోధక బృందములు, ఒకటి చైనాలోను ఒకటి దక్షిణాఫ్రికాలోను అఫ్లటాక్సిన్ ఎక్కువగా తిను ప్రాంతముల రోగుల కాలేయపు గడ్డలను పరీక్షించి, వానిలో పెక్కింట ఆ జన్యువులో 249వ పదముననే, ఒకే అక్షరమున, గ్వానిన్‌కు బదులు థైమిన్ వచ్చి కూర్చుండుట చూచిరి. మనుష్యుని గ్రంథము మూడువందల కోట్ల అక్షరములు; మన లెక్కన మూడువేల సంపుటములు. అందులో ఒక్క అక్షరము. నేరము చేసినవాడు విడిచిపోయిన వ్రేలిముద్ర వంటిదది.

కాలేయమును బాధించు హెపటైటిస్-బి వైరసు శరీరములో నున్నవారికి ఈ విషము కలుగజేయు అపాయము పెక్కురెట్లు పెరుగును. బూజును ఊరినుండి తరుమలేకపోయినను, ఈ రెండవ శత్రువును టీకాతో ఆపవచ్చును. స్వదేశములో జన్యుసాంకేతికముతో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థనుండి వెలువడుటయు, దానివలన ఆ టీకా ధర సామాన్యులకు అందుబాటులోనికి దిగుటయు ఇచ్చట స్మరింపదగిన విషయములు. బూజు పరిశోధకులును టీకా పరిశోధకులును ఒకే నగరములో ఒకే రోగముతో రెండు వైపులనుండి పోరాడిరి.

జన్యురాశి చదువుట కేవలము పాండిత్యమా, దానివలన పంటకేమైన ఒరిగినదా? ఒరిగినది. అమెరికాలోని ఆరిజోనా ప్రత్తిచేలలో పీటర్ కాటీ అను శాస్త్రజ్ఞుడు విషము చేయని పచ్చబూజు నొకదానిని పట్టి దానికి ఎ.ఎఫ్.-36 అని గుర్తు పెట్టెను. తరువాత దాని జన్యువులను చదివి చూడగా, విషపు కర్మాగారములో మొదటి కార్మికుని ఆజ్ఞాపత్రము నడుమ ఒక్క అక్షరము మారి, అక్కడ నిలుపుము అను సంకేతము పడియున్నట్లు తెలిసినది. మిగిలిన జన్యువులన్నియు క్షేమము. పని మాత్రము మొదటనే ఆగిపోవును. ఇట్టి సాధుబూజును గింజలపై ఎక్కించి, చేనిలో చల్లినచో, అది ముందుగా స్థలము నాక్రమించి విషపుబూజునకు చోటు లేకుండ చేయును. ఆఫ్రికాలో ఈ పద్ధతి అఫ్లాసేఫ్ అను పేర వ్యాపించినది. అక్కడ వాహనముగా వాడునది వేపిన జొన్నగింజ. హెక్టారునకు పది కిలోలు, పూతకు రెండు మూడు వారముల ముందు. మొలకెత్తదు గాని బూజునకు తొలి భోజనమగును. ఆయా దేశపు నేలలోని సాధుబూజులనే ఏరి వాడుదురు. పరదేశపు బూజును తెచ్చి చల్లుట లేదు. ఈ జాగ్రత్త నాకు మిక్కిలి నచ్చినది.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో వేరొక దారి త్రొక్కిరి. కిరణ్ కె. శర్మ మొదలగువారు, అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రముతో కలిసి, పల్లిమొక్కలో రెండు విధములైన కవచములు కట్టిరి. మొదటిది, లూసర్ను గడ్డి జాతి మొక్కలు తమ రక్షణకై తయారుచేసికొను ప్రోటీనుల జన్యువులు. ఇవి బూజును పెరుగనీయవు. రెండవది ఇంకను చిత్రమైనది. బూజు గింజను తాకినప్పుడు మొక్కనుండి చిన్న ఆర్.ఎన్.ఏ. శకలములు బూజులోనికి ప్రవేశించి, విషపు కార్మికులలో ఇద్దరి నోరు మూయించును. బూజు బ్రతికియుండును, విషము మాత్రము తయారుకాదు. 2018 నాటి వారి ప్రకటనలో, మామూలు పల్లిలో విషము వేలకొలది పాళ్లుండగా, ఈ మొక్కల గింజలలో లెక్కకు రానంత స్వల్పమని చూపిరి. ఇది జన్యుమార్పిడి పంట. మన రైతుల చేలలోనికి రాలేదు. అందుపై వాదప్రతివాదములను ఇచ్చట ఎత్తుకొనను.

అంతవరకు చేయదగిన పనులు చిన్నవి, పాతవి. కాయను మట్టిపై గాక పట్టాపై ఎండబెట్టుట. సాయంకాలము రాశిపోసి కప్పుట. పల్లిని తీసిన వెంటనే తలక్రిందులుగా పేర్చి కాయ గాలికి ఆరునట్లు చేయుట. ముడుచుకొన్న, రంగు మారిన గింజను ఏరివేయుట. బడులలో పిల్లలకు పంచు పల్లీపట్టికి వాడు గింజలలో ఈ ఏరివేత జరిగినదో లేదో వంటగదిలో ఒకసారి చూచుట ఉపాధ్యాయులకు పెద్ద పని కాదు. ఇక మిరపలో ఒక దురాచారమున్నది. బాగుగా ఎండిన కాయ సంచిలో త్రొక్కునప్పుడు విరిగిపోవును గనుక, విరుగకుండుటకై దానిపై నీళ్లు చల్లుట. బరువును కొంత కలిసివచ్చును. పదిదినముల ఎండ పడిన శ్రమను ఒక్క చెంబెడు నీరు వమ్ముచేయును. ఇందుకు రైతునొక్కనినే నిందించుట తగదు. మార్కెట్టులో కాయ రంగునకు ధర ఉన్నది, పొడవునకు ధర ఉన్నది, విరుగని కాయకు ధర ఉన్నది. విషములేని కాయకు ప్రత్యేకముగా ధర లేదు.

విదేశములకు పోవు సరుకు సంగతి వేరు. ఐరోపా దేశములు మిరపలో బి-1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు మించి, అన్ని అఫ్లటాక్సినులును కలిపి 10కి మించి అనుమతింపవు. ఓడ ఎక్కుటకు ముందే సరుకును పరీక్షింతురు. హద్దు దాటినది వెనుకకు తిరుగును. తిరిగిన సరుకును, ఏరివేసిన తాలును, ధర పడిన ఏడు గిడ్డంగిలో మగ్గిన నిలువయు చివరకు చౌకగా పొడిమరకు చేరును. కాయగా నున్నంతవరకు దానిని విరిచి లోపలి పచ్చదనమును చూడవచ్చును. మరలో పడి మేలికాయతో కలిసి ఎర్రని పొడియైన పిదప, కల్లమున అరువదియేండ్లు కాయ ఏరిన కంటికిని అది పట్టుపడదు.